వేరుశనగ ఆకుల పనికి పైథాన్‌ను ఎందుకు ఎంచుకున్నాం: నా అనుభవం

"మెషిన్ లెర్నింగ్ మొదలుపెట్టాలి, ఏ భాష నేర్చుకోమంటారు మేడం?" అని మా కళాశాల పిల్లలు అడిగినప్పుడల్లా నేను రెండు ప్రశ్నలు తిరిగి అడుగుతాను. నీ దగ్గర ఉన్న సమాచారం ఎలాంటిది? చివరికి అది ఎవరి చేతిలో పనిచేయాలి? ఈ రెండింటికీ జవాబు లేకుండా భాషల గురించి ఎంతసేపు వాదించుకున్నా తేలేది ఏమీ ఉండదు. వేరుశనగ ఆకుల ఫొటోలు చూసి తెగులు ఏదో చెప్పేలా కంప్యూటర్‌కు నేర్పే పనిలోకి దిగాక నాకు ఇది బాగా అర్థమైంది. ఆ పనిలో ఏ మలుపు దగ్గర దేన్ని ఎందుకు ఎంచుకున్నామో వివరంగా రాస్తున్నాను. ఇదే దారిలో నిలబడి ఆలోచిస్తున్న వాళ్లకు పనికొస్తుందని నా ఆశ.

నేను అనంతపురంలో ఒక డిగ్రీ కళాశాలలో గణాంకశాస్త్రం చెబుతాను. ఎమ్మెస్సీ చదివే రోజుల నుంచీ నా ప్రోగ్రామింగ్ భాష ఆర్. మా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి ఇప్పుడు రైతు సేవా కేంద్రంలో గ్రామ వ్యవసాయ సహాయకుడిగా చేస్తున్నాడు. ఒక ఖరీఫ్‌లో, చేలల్లో పైరు ఊడలు దిగే సమయంలో, ఫోను నిండా ఆకుల ఫొటోలతో కళాశాలకు వచ్చాడు.

"మేడం, రోజూ రైతులు ఆకులు పట్టుకొని వస్తారు. కొన్ని చూడగానే చెప్పగలను. కొన్నింటి దగ్గర నాకే అనుమానం వస్తుంది. ఫోనులో ఫొటో తీస్తే ఇది ఫలానా తెగులు అని చెప్పేలా చేయగలమా?" అని అడిగాడు. లేచి వెళ్లబోతూ, "చేలల్లో సిగ్నల్ ఉండదు మేడం, అది మాత్రం మరవకండి" అన్నాడు. తరువాత మేము తీసుకున్న నిర్ణయాల్లో సగం ఆ ఒక్క మాట మీదే ఆధారపడ్డాయి.

మా ప్రాంతపు సంగతి తెలియని వారికి ఇది చిన్న విషయంలా అనిపించవచ్చు. అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి పడే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఎర్ర నేలల్లో వాన మీదే ఆధారపడి వేరుశనగ వేస్తారు. పెట్టుబడి అంతా అప్పటికే నేలలో ఉంటుంది. ఆకు పసుపుపచ్చగా మారితే అది ఇనుప ధాతువు లోపమా, తెగులా అన్నది తేల్చుకోవాలి. లోపమైతే అన్నభేదిలో కొంచెం నిమ్మ ఉప్పు కలిపి పిచికారి చేస్తే చాలు, ఖర్చు స్వల్పం. తిక్క ఆకుమచ్చ తెగులైతే శిలీంద్రనాశిని కొట్టాలి. ఒకదానికి బదులు ఇంకొకటి కొడితే డబ్బూ పోతుంది, రోజులూ పోతాయి. అందుకే ఈ పనిని నేను విద్యార్థుల ప్రాజెక్టులా చూడలేకపోయాను. జవాబు తప్పైతే నష్టపోయేది ఎవరో నాకు తెలుసు.

మొదటి ప్రశ్న భాష. నాకు వచ్చిన ఆర్ ఉండగా మరొకటి ఎందుకని అనుకున్నాను. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల మొదట్లో తయారుచేసిన భాష అది. గణాంకశాస్త్రం చదివినవాళ్లు తమ పని కోసం చేసుకున్నది కాబట్టి అందులో ప్రతిదీ మనం అనుకున్న చోటే దొరుకుతుంది. సమాచార పట్టిక ఆ భాషలోనే భాగం. నమోదుకాని విలువలకు మొదటి నుంచీ ఒక గుర్తు ఉంది. ఒక్క వరుసలో రిగ్రెషన్ (ఒకదాని మీద మరొకదాని ప్రభావాన్ని కొలిచే లెక్క) రాస్తే గుణకాలు, ప్రామాణిక దోషాలు, పీ విలువలు అన్నీ వచ్చేస్తాయి. జీజీప్లాట్2తో గీసే పటాలకు సాటి రాగలది నాకు ఇంకా కనిపించలేదు. మండలాలవారీగా వర్షపాతం, దిగుబడి పట్టికలే నా ముందుంటే నేను భాష మార్చే ప్రసక్తే ఉండేది కాదు.

కానీ ఇక్కడ ఉన్నవి ఫొటోలు. ఆర్‌లో ఫొటోలతో డీప్ లెర్నింగ్ (పొరలు పొరలుగా లెక్కలు వేస్తూ నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతి) చేయడానికి నాకు రెండు దారులు కనిపించాయి. ఒకటి కెరాస్ ప్యాకేజీ, అంటే ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్ట. మనం రాసేది ఆర్‌లోనే అయినా, రెటిక్యులేట్ అనే మరో ప్యాకేజీ ఆ ఆదేశాలను పైథాన్‌కు చేరవేస్తుంది, పని జరిగేది అక్కడే. అంటే కంప్యూటర్‌లో పైథాన్ ఎలాగూ ఉండాలి. ఏదైనా చెడితే వచ్చే సందేశం కూడా పైథాన్‌దే. చదివి అర్థం చేసుకోవాలంటే ఆ భాష రావాల్సిందే. రెండోది 2020లో వచ్చిన టార్చ్ ప్యాకేజీ. ఇది పైథాన్‌తో పని లేకుండా, పైథాన్ వైపు డీప్ లెర్నింగ్‌కు వాడే పైటార్చ్ అడుగున ఉండే సీ++ లైబ్రరీని నేరుగా వాడుకుంటుంది. శ్రద్ధగా చేసిన పని, నాకు చాలా నచ్చింది. చిన్న నమూనా నడిపి చూశాను, బాగానే నడిచింది. అయితే ముందే శిక్షణ పొందిన మోడళ్లు (ఉదాహరణలు చూసి నేర్చుకున్న లెక్కల నమూనాలు), వాటిని ఫోనులోకి ఎక్కించే పనిముట్లు, ఎక్కడైనా ఆగిపోతే చూసుకోవడానికి ఉదాహరణలు పైథాన్ వైపు ఉన్నన్ని ఇటు లేవు.

అప్పుడు ఇంకో కోణంలో ఆలోచించాను. ఈ పని నేను ఒక్కదాన్నే చేసేది కాదు. ఏటా పిల్లలు మారుతుంటారు. ఈ ఏడాది రాసినదాన్ని వచ్చే ఏడాది వచ్చినవాళ్లు అందుకోవాలి. మా దగ్గర కంప్యూటర్ సైన్సు పిల్లలకు పైథాన్‌తో ఎంతోకొంత పరిచయం ఉంటుంది. ఆర్ వచ్చినవాళ్లు గణాంకశాస్త్ర విభాగంలో తప్ప ఉండరు. నాకు సుఖంగా ఉన్న భాషలో రాసుకుంటే నాతోనే ఆగిపోతుంది. ఆ లెక్క వేసుకున్నాక పైథాన్ వైపు రావడానికి నాకు ఎక్కువ సమయం పట్టలేదు.

మిగతా భాషల సంగతి క్లుప్తంగా. జావాలో వాడుకోవడానికి న్యూజిలాండ్‌లోని వైకాటో విశ్వవిద్యాలయం వారి వెకా ఉంది. పట్టికల పాఠం చెప్పడానికి మంచిదే, ఫొటోల పనికి చాలదు. సీ++ వేగం గొప్పది, కానీ పిల్లలు పాయింటర్ల (మెమరీ చిరునామాల) దగ్గరే నెలలు గడిపేస్తారు. 2012లో వెలుగులోకి వచ్చిన జూలియా గణితం రాసుకోవడానికి ఎంతో అందంగా ఉంటుంది, వేగమూ ఉంది. ఒక పరిశోధకుడు ఒంటరిగా పనిచేసుకునేటట్టయితే నేను దాన్నే సూచిస్తాను. మాకు కావలసింది నలుగురు చేతులు వేయగలిగే భాష.

"పైథాన్ నెమ్మది కదా మేడం" అని ఒక విద్యార్థి అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. పైథాన్‌లో లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆదేశం) రాసి కోటి సంఖ్యలు కూడితే నిజంగానే నెమ్మదిగా సాగుతుంది. అయితే మెషిన్ లెర్నింగ్‌లో బరువైన లెక్క పైథాన్‌లో జరగదు. 2006లో ట్రావిస్ ఆలిఫాంట్ అంతకుముందున్న రెండు లైబ్రరీలను కలిపి, సంఖ్యల లెక్కల కోసం నమ్‌పై తయారుచేశారు. దాని లోపల ఉన్నది సీ భాష, ఇంకా అడుగున దశాబ్దాల కిందట ఫోర్‌ట్రాన్‌లో రాసిపెట్టిన మాత్రికల లెక్కల సంప్రదాయం. పైటార్చ్ అయితే సీ++‌లో, గ్రాఫిక్స్ కార్డు మీద లెక్కలు నడిపే క్యూడాలో నడుస్తుంది. పైథాన్ చేసేది ఏ లెక్క ఎప్పుడు చేయాలో చెప్పడమే. ఆ విద్యార్థి చేత అదే కూడికను లూప్‌తో ఒకసారి, నమ్‌పైతో ఒకసారి చేయించాను. రెండోది అతను ఎంటర్ నొక్కి తలెత్తేలోగా అయిపోయింది. ఇక వేగం గురించి మా దగ్గర చర్చ రాలేదు.

ఆర్ నుంచి పైథాన్‌కు వచ్చేవాళ్లకు కొన్ని హెచ్చరికలు చేయాలి. వీటి గురించి ఎవరూ ముందుగా చెప్పరు. ఆర్‌లో వరుస ఒకటితో మొదలవుతుంది, పైథాన్‌లో సున్నాతో. ఇది అందరికీ తెలిసిందే. కానీ "1 నుంచి 3 వరకు" అని అడిగితే ఆర్ మూడు విలువలిస్తుంది, పైథాన్ రెండే ఇస్తుంది, చివరిదాన్ని వదిలేస్తుంది. ప్రామాణిక విచలనం అడిగితే ఆర్ మొత్తాన్ని ఎన్-1తో భాగిస్తుంది (ఎన్ అంటే ఎన్ని విలువలున్నాయో ఆ సంఖ్య). నమ్‌పై, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, ఎన్‌తో భాగిస్తుంది. అదే పైథాన్‌లో పట్టికల లైబ్రరీ పాండాస్ మళ్లీ ఎన్-1తోనే భాగిస్తుంది. ఒకే కంప్యూటర్‌లో, ఒకే పట్టికకు, రెండు లైబ్రరీలు రెండు జవాబులు ఇస్తాయి! రెండూ సరైనవే, నిర్వచనం వేరు. ఇంకొకటి మరీ ముఖ్యం, అది మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ సైకిట్-లెర్న్ గురించి. సైకిట్-లెర్న్‌లో లాజిస్టిక్ రిగ్రెషన్ పిలిస్తే, అడగకుండానే గుణకాలను సున్నా వైపు లాగే రెగ్యులరైజేషన్ కలిపి ఇస్తుంది. ఆర్‌లో వచ్చిన గుణకాలతో పోల్చితే సరిపోవు. అందులో పీ విలువలూ ఉండవు. అవి కావాలంటే స్టాట్స్‌మోడల్స్ అనే వేరే లైబ్రరీ ఉంది. సైకిట్-లెర్న్ చేసినవాళ్ల దృష్టి ఊహ ఎంత సరిగ్గా ఉందన్న దాని మీద ఉంటుంది, ఏ కారణం ఎంత బలమైనదన్న దాని మీద కాదు. ఈ తేడా తెలిసి వాడితే అది చాలా గొప్ప లైబ్రరీ. తెలియకుండా వాడి, వచ్చిన గుణకాలకు అర్థాలు చెప్పేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

సైకిట్-లెర్న్ 2007లో డేవిడ్ కూర్నపో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో మొదలుపెట్టిన పని. తరువాత ఫ్రాన్స్‌లోని ఇన్రియా సంస్థ పరిశోధకులు దాన్ని చేపట్టి 2010లో మొదటిసారి బయటికి విడుదల చేశారు. ఏ పద్ధతినైనా ఒకే తీరుగా వాడుకునేలా చేయడమే అందులో నేను మెచ్చే గుణం. ఫిట్ (నేర్చుకో), ప్రెడిక్ట్ (ఊహించు) అన్న రెండు మాటలు నేర్చుకుంటే డెసిషన్ ట్రీ అయినా, ర్యాండమ్ ఫారెస్ట్ అయినా, ఎస్‌వీఎం అయినా ఒక్కటే. మేము ఆకుల పని ఇక్కడే మొదలుపెట్టాం. ఒక్కో ఫొటోలో ఎరుపు, ఆకుపచ్చ, పసుపు పాళ్లు ఎలా పరుచుకున్నాయో లెక్కగట్టి, ఆ అంకెలను ర్యాండమ్ ఫారెస్ట్‌కు ఇచ్చాం. ఇనుప ధాతువు లోపాన్ని ఇది చక్కగానే పట్టుకుంది. లేత ఆకులు ఈనెలు తప్ప మిగతా అంతా వెలిసిపోయినట్టు ఉంటాయి కాబట్టి రంగు ఒక్కటే చాలు. ఆకుమచ్చల దగ్గరికి వచ్చేసరికి తడబడింది. ముందుగా వచ్చే మచ్చకు గోధుమ రంగు, చుట్టూ పసుపు వలయం. ఆలస్యంగా వచ్చే మచ్చ గుండ్రంగా, దాదాపు నల్లగా ఉంటుంది. మొత్తం ఫొటోలో రంగుల పాళ్లు చూస్తే ఈ రెండూ కలగలిసిపోతాయి. ఆకారం చూడగలిగే పద్ధతి కావాలి. డీప్ లెర్నింగ్ అవసరమని మాకు అక్కడ రుజువైంది. ఈ మెట్టు దాటకుండా నేరుగా న్యూరల్ నెట్‌వర్క్ దగ్గరికి పోయే పిల్లలను నేను వెనక్కి పిలుస్తాను. సులువైన పద్ధతి ఎక్కడ ఆగిందో తెలిస్తేనే కష్టమైన పద్ధతి నుంచి ఏం ఆశించాలో తెలుస్తుంది.

సైకిట్-లెర్న్‌కు నేను మరో విషయంలో రుణపడి ఉన్నాను. ఫొటోలను శిక్షణకు కొన్ని, పరీక్షకు కొన్ని అని విడదీయాలి. గుడ్డిగా కలిపి పంచితే, ఒకే మొక్క ఫొటోలు కొన్ని ఇటు, కొన్ని అటు పడతాయి. ఒకే చేను, ఒకే ఎండ, ఒకే నేల. మోడల్ ఆ చేనును గుర్తుపట్టి మార్కులు తెచ్చుకుంటుంది, తెగులును గుర్తుపట్టడం నేర్చుకోదు. అందుకని ప్రతి ఫొటోకూ అది ఏ చేనుదో రాసిపెట్టమని రైతు సేవా కేంద్రం అబ్బాయికి మొదటి రోజే చెప్పాను. సైకిట్-లెర్న్‌లో గ్రూప్ షఫుల్ స్ప్లిట్ అని ఒకటుంది, దానికి చేను పేరు ఇస్తే ఒక చేను ఫొటోలన్నీ ఒకవైపే ఉంచుతుంది. రెండు రకాలుగానూ పంచి పిల్లలకు చూపించాను. చేనువారీగా పంచినప్పుడు మార్కులు బాగా తగ్గాయి. పిల్లల ముఖాలు వాడిపోయాయి. "తగ్గినదే నిజమైన లెక్క, రేపు ఫోను చూడబోయేది మనం ఎప్పుడూ చూడని చేనునే" అని చెప్పాను.

మొక్కల తెగుళ్ల ఫొటోల్లో పేరున్న సంపుటి ప్లాంట్‌విలేజ్. అందులో 14 పంటలవి 54 వేలకు పైగా ఫొటోలు ఉన్నాయి. టమాటా ఉంది, బంగాళాదుంప ఉంది, ద్రాక్ష ఉంది. వేరుశనగ లేదు. ఆ సంపుటి మీద 2016లో వచ్చిన పరిశోధన పత్రంలో, అదే తరహా ఫొటోలతో పరీక్షిస్తే 99 శాతానికి పైగా సరైన జవాబులు వచ్చాయి. వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇస్తే అది 31 శాతం దగ్గరికి పడిపోయిందని అదే పత్రంలో ఆ పరిశోధకులే రాశారు. వాళ్ల నిజాయితీకి నమస్కారం. మా ఫొటోలు మేమే, మా చేలల్లోనే తీసుకోవాలని ఆ పత్రం చదివాక గట్టిగా అనుకున్నాం.

ఇక డీప్ లెర్నింగ్ లైబ్రరీల మధ్య అసలు పోటీ. టెన్సర్‌ఫ్లోనా, పైటార్చా? టెన్సర్‌ఫ్లోను గూగుల్ 2015లో అందరికీ ఇచ్చింది. పైటార్చ్ ఫేస్‌బుక్ పరిశోధన విభాగం నుంచి 2017 మొదట్లో వచ్చింది, 2022 నుంచి లినక్స్ ఫౌండేషన్ నీడలో ఉంది. రెండూ ఉచితం, రెండూ బలమైనవే. ఫోనులో పనిచేయాలన్న షరతు వల్ల మొదట నా మొగ్గు టెన్సర్‌ఫ్లో వైపే ఉంది. ఫోనుల కోసం దాని లైట్ రూపం చాలాకాలంగా ఉంది, ఇప్పుడు దాన్ని లైట్‌ఆర్‌టీ అంటున్నారు.

రెండింటినీ మా ఫొటోల మీదే నడిపి చూశాం. మూడు విషయాలు మమ్మల్ని పైటార్చ్ వైపు తిప్పాయి.

మా ల్యాబ్‌లో ఉన్నవి విండోస్ కంప్యూటర్లు. విండోస్‌లో నేరుగా గ్రాఫిక్స్ కార్డును వాడుకునే సదుపాయాన్ని టెన్సర్‌ఫ్లో 2.10 తరువాత ఆపేసింది. ఆ పైన కావాలంటే విండోస్ లోపల లినక్స్ పెట్టుకోవాలి. అది చేయలేమని కాదు, కానీ ప్రతి కంప్యూటర్‌లో, ప్రతి ఏడాదీ, కొత్త పిల్లల చేత అది చేయించడం ఎవరి వల్ల అవుతుంది? పైటార్చ్ విండోస్‌లో మామూలుగానే పనిచేస్తుంది.

రెండోది పాత సమాధానాల బెడద. టెన్సర్‌ఫ్లో మొదటి తరంలో లెక్క మొత్తాన్ని ముందు ఒక పటంలా కట్టి, తరువాత సెషన్ అనేదాన్ని తెరిచి నడపాలి. 2019లో వచ్చిన 2.0తో ఆ పద్ధతి మారిపోయింది. మార్పు మంచికే జరిగింది. కానీ పిల్లలు వెతికితే దొరికే ఉదాహరణల్లో పాతవి, కొత్తవి కలిసిపోయి ఉంటాయి. ఏది ఏ తరానిదో కొత్తగా నేర్చుకునేవాడికి ఎలా తెలుస్తుంది? పైటార్చ్ మొదటి నుంచీ రాసిన వరుసలోనే నడుస్తుంది. ఎక్కడ తప్పితే అక్కడే ఆగుతుంది. మధ్యలో ఒక ప్రింట్ పెట్టి లోపల ఏముందో చూడవచ్చు.

మూడోది నేను పాఠం చెప్పే మనిషిని కావడం వల్ల వచ్చిన ఇష్టం. టెన్సర్‌ఫ్లోతో వాడే కెరాస్‌లో శిక్షణ అంతా ఒక్క ఫిట్‌లో అయిపోతుంది. పైటార్చ్‌లో ఆ లూప్ మనమే రాయాలి. ఊహ అడగాలి, దోషం లెక్కగట్టాలి, బ్యాక్‌వర్డ్ పిలిచి ప్రవణతలు (దోషం ఎటు తగ్గుతుందో చూపే అంకెలు) తెచ్చుకోవాలి, ఆప్టిమైజర్‌తో ఆ వైపు ఒక అడుగు వేయాలి, తరువాత ప్రవణతలను సున్నా చేయాలి. నాలుగైదు వరుసలే. దోషాన్ని ఇలా అడుగడుగునా తగ్గించే గ్రేడియంట్ డిసెంట్‌ను బోర్డు మీద చెప్పినప్పుడు కళ్లు తిప్పుకున్న పిల్లలు, ఆ వరుసలు స్వయంగా రాసి దోషం తగ్గుతూ పోవడం చూశాక ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. త్వరగా ఫలితం కావలసినవాళ్లకు కెరాస్ మేలు. 2023లో వచ్చిన కెరాస్ 3 అయితే పైటార్చ్ మీద కూడా నడుస్తుంది కాబట్టి ఆ తలుపు మూసుకుపోలేదు.

మోడల్‌గా ఫోనుల కోసం తయారైన మొబైల్‌నెట్ రెండో తరాన్ని తీసుకున్నాం. దానిలో సుమారు 35 లక్షల పారామీటర్లు (శిక్షణలో సర్దుకునే అంకెలు), ఈ రోజుల్లో అది చాలా చిన్నది. ఇమేజ్‌నెట్ అనే సంపుటిలోని పన్నెండు లక్షలకు పైగా ఫొటోల మీద అది ముందే శిక్షణ పొంది ఉంటుంది. అంచులు, మచ్చలు, గీతలు గుర్తుపట్టడం దానికి వచ్చు. చివరి పొరను మాత్రం మార్చి మన తెగుళ్లను నేర్పితే సరిపోతుంది. మా దగ్గరున్న కొద్దిపాటి ఫొటోలతో మొదటి నుంచీ శిక్షణ ఇవ్వడం సాధ్యమయ్యేది కాదు. గూగుల్ వారి ఆన్‌లైన్ సదుపాయం కొలాబ్‌లో ఉచితంగా దొరికే జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) ఈ పనికి చాలింది, మధ్యలో సెషన్ తెగిపోతుంది కాబట్టి ప్రతి దఫా తరువాత మోడల్‌ను దాచుకోవాలి.

మార్కులు బాగా వచ్చాయి. తెలియని చేల మీద కూడా. అయినా నాకు నమ్మకం కుదరలేదు. మోడల్ ఫొటోలో ఎక్కడ చూసి జవాబు చెబుతోందో రంగుల్లో చూపించే గ్రాడ్-క్యామ్ అనే పద్ధతి ఉంది, పైటార్చ్‌తో దాన్ని వాడటం సులువు. ఒక సాయంత్రం పిల్లలతో కూర్చొని ఒక్కో ఫొటో తెరిచాం. తెగులు ఆకు మీద మచ్చలున్న చోట ఎరుపు రంగు వెలగాలి. కొన్నింటిలో అలాగే వెలిగింది. చాలావాటిలో మాత్రం ఎరుపంతా ఫొటో అంచున, ఆకును పట్టుకున్న బొటనవేలి మీద ఉంది. గోరు, దాని పక్కన మడత, అక్కడే నిప్పులా మెరుస్తోంది.

ఫొటోలు తీసిన ఆ రైతు సేవా కేంద్రం అబ్బాయికి ఫోను చేశాను. "తెగులు ఆకులు రైతులు తెంపి తెస్తారు కదా మేడం, చేత్తో పట్టుకొనే తీస్తాను. మంచి ఆకులైతే చేలోకి పోయినప్పుడు మొక్క మీదే తీస్తాను" అన్నాడు. అతను చేసింది సహజమైన పనే. వేలు ఉంటే తెగులు, లేకపోతే మంచి ఆకు అని మోడల్ నేర్చుకుంది. ప్రతి చేనులోనూ ఫొటోలు తీసింది ఒకే తీరులో కాబట్టి చేనువారీగా పంచినా ఇది బయటపడలేదు. తరువాతి విడతలో మంచి ఆకులనూ చేత్తో పట్టుకొని, తెగులు ఆకులనూ మొక్క మీద ఉండగా తీయించాం. మార్కులు కొంచెం దిగాయి, ఎరుపు రంగు మచ్చల మీదికి వచ్చింది. ఒక లైబ్రరీని ఎంచుకోవడమంటే దానితో పాటు దాని చుట్టూ నలుగురూ తయారుచేసిన ఇలాంటి పనిముట్లను కూడా ఎంచుకోవడమే. పైటార్చ్‌ను మేము ఖాయం చేసుకున్నది ఆ సాయంత్రమే.

ఫోనులోకి ఎక్కించడానికి ఓఎన్‌ఎన్‌ఎక్స్ రూపం వాడాం. మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్ కలిసి 2017లో మొదలుపెట్టిన ఉమ్మడి నమూనా అది. పైటార్చ్‌లో శిక్షణ ఇచ్చిన మోడల్‌ను ఆ రూపంలో రాస్తే, దాన్ని నడిపే రన్‌టైమ్ ఆండ్రాయిడ్‌లోనూ ఉంది. పైథాన్ అవసరం అక్కడితో తీరిపోతుంది. 32 బిట్ల సంఖ్యలను 8 బిట్లకు కుదిస్తే మోడల్ పరిమాణం దాదాపు నాలుగో వంతుకు, అంటే నాలుగు మెగాబైట్ల లోపుకు వచ్చింది. కుదించిన తరువాత కూడా అదే పరీక్ష మళ్లీ పెట్టాలి. కొన్ని తెగుళ్ల దగ్గర జవాబులు మారుతుంటాయి. ఇంకో చిన్న జాగ్రత్త చెప్పాలి. శిక్షణలో ఫొటో సైజు తగ్గించిన పద్ధతి, రంగుల క్రమం, సంఖ్యలను సగటుతో సరిచేసిన తీరు, ఇవన్నీ ఫోనులోనూ అచ్చం అలాగే ఉండాలి. ఎరుపు, నీలం తారుమారైతే ఏ దోష సందేశమూ రాదు. జవాబు మాత్రం తప్పు వస్తుంది.

వెర్షన్ల విషయంలో నేను కఠినంగా ఉంటాను. 2024 జూన్‌లో నమ్‌పై 2.0 వచ్చినప్పుడు పాత నమ్‌పై కోసం తయారైన లైబ్రరీలు కొన్ని దానితో పనిచేయలేదు. మా ల్యాబ్‌లో ప్రతి పనికీ విడిగా ఒక వెనవ్ (ఆ పని లైబ్రరీలను వేరుగా ఉంచే చోటు) ఉంటుంది, ఏ లైబ్రరీ ఏ వెర్షనో అంకెతో సహా ఒక ఫైలులో రాసి ఉంటుంది. ఇంటర్నెట్ బాగా ఉన్న రోజున లైబ్రరీలను దించే పిప్ డౌన్‌లోడ్ ఆదేశంతో అన్ని ఫైళ్లనూ ఒక పెన్‌డ్రైవ్‌లోకి దించి, మిగతా కంప్యూటర్లలో ఇంటర్నెట్ లేకుండానే అక్కడి నుంచి ఎక్కిస్తాం. గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాబ్ కంప్యూటర్లకు పైటార్చ్‌లో సీపీయూ (మామూలు ప్రాసెసర్) రకం చాలు. క్యూడా ఉన్న రకం గిగాబైట్లలో ఉంటుంది, సీపీయూ రకం దానికంటే చాలా చిన్నది. మా ఊళ్ల కళాశాలల్లో పనిచేసేవాళ్లకు ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎంతో సమయం మిగులుతుంది.

ఆర్‌ను నేను వదిలిపెట్టలేదు. మోడల్ జవాబులన్నీ ఒక పట్టికగా బయటికి తెచ్చుకొని, ఏ చేనులో ఎక్కువ తప్పింది, ఏ వేళ తీసిన ఫొటోలో తప్పింది, వేరుశనగ రకం కదిరి-6 అయితే ఎలా ఉంది, కదిరి లేపాక్షి అయితే ఎలా ఉంది అని చూడాలంటే నా చేతులు ఆర్ వైపే పోతాయి. చేను ప్రభావాన్ని వేరుచేసి చూసే మిశ్రమ నమూనాలకు ఎల్‌ఎంఈ4 ప్యాకేజీ నాకు బాగా అలవాటు. మిట్టమధ్యాహ్నపు ఎండలో తీసిన ఫొటోల్లో తప్పులు ఎక్కువని తేలింది కూడా అందులోనే. ఇప్పుడు ఆప్ తెరవగానే ఆకును మన నీడలో ఉంచి తీయమని తెలుగులో చెబుతుంది.

ప్రస్తుతం తుప్పు తెగులు దగ్గర ఉన్నాం. దాని నారింజ రంగు పొక్కులు ముందు ఆకు అడుగున లేస్తాయి, పైనుంచి ఫొటో తీస్తే తొలి దశలో ఏమీ కనిపించదు. లైబ్రరీ మార్చినా, మోడల్ పెద్దది చేసినా ఫొటోలో లేనిది కనిపించదు కదా. అందుకని ఒక్కో ఆకుకు రెండు ఫొటోలు, పైన ఒకటి, కింద ఒకటి తీసి, రెండింటినీ కలిపి చూసేలా మోడల్‌ను మారుస్తున్నారు మా పిల్లలు. శిక్షణ లూప్ వాళ్లే రాసుకున్నది కాబట్టి ఎక్కడ మార్చాలో వాళ్లకు తెలుసు. రైతు సేవా కేంద్రం నుంచి ఆకుల జతల ఫొటోలు రావడం మొదలైంది, వాటికి చేను పేరు, తేదీ రాసే పని నడుస్తోంది.